అప్పడం చప్పుడు

బరంపురం గిరి రోడ్డు మలుపులో
ఆరున్నరకి మా ‘కేతకి’ బార్ బోర్డు వెలుగుతుంది.
ఒడియా అక్షరాలు గొడుగులేసుకుని
తెలుగు అక్షరాలు తలకట్లు కట్టుకుని
ఒకే వానలో నిలబడ్డట్టుంటాయి.
మధ్యలో ఇంగ్లీషు ముక్కకి
ట్యూబు పోయి మూడేళ్ళు.

కింద బల్లలు. పైన టేబుళ్ళు.
మాటలోనే ఉంది తేడా.
కింద పట్టు అంగళ్ళ గుమాస్తాలు,
ఆస్కా బస్సు దిగి ఇంటికి పోబుద్ధికానివాళ్ళు,
“పురుసోతం! ఇంకో క్వార్టరు,
ఉడకేసిన సెనక్కాయలు, ఉల్లిపాయ సన్నంగా!”
పైన గంజి పెట్టిన న్యాప్‌కిన్లు,
పెళ్ళిరోజు జంటలు,
వైను గ్లాసుని కాడ పట్టుకోవాలా బొజ్జ పట్టుకోవాలా అని
పక్క టేబులు చూసి నేర్చుకునే రొయ్యల షావుకార్లు.

మధ్యలో పదహారు మెట్లు.
ఆ మెట్లే నా ఉద్యోగం.
ఎక్కేటప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర
నా నోరు చొక్కా మార్చుకుంటుంది.
కింద “వొస్తన్నానొరే”
పైన “ఆగ్యా, చెప్పండి ఆగ్యా.”

వంటిల్లు మాత్రం ఒకటే, మూకుడూ ఒకటే.
నీలాచలం బెహరా ఒక చేత్తో లివరు వేపుడు విదిలించి
అదే చేయి తుడుచుకుని
చిలికా పీత గుజ్జు మీద శంఖుపువ్వు నిలబెడతాడు.
“పువ్వు పడిపోకుండా ఎక్కు,
దాని జీతం నీ జీతం కంటే ఎక్కువ” అంటాడు.

ఆ గుజ్జు కింద ఉండేది గున్నమ్మ అప్పడం.
పైన దానికి మెనూలో మూడు లైన్ల పేరు,
రెండొందల ఎనభై రూపాయలు.
కింద దానికి పేరు లేదు.
గ్లాసుతో పాటు ఊరికే వస్తుంది.

శనివారం శనివారం గున్నమ్మ
వెనక గుమ్మంలో నిలబడి డబ్బు లెక్కపెట్టుకు పోతుంది.
ఆ శనివారం వాన.
ఓనరు కటకం వెళ్ళాడు.
ఏడో నంబరు టేబులు బుక్ చేసినవాళ్ళు రాలేదు.
“ఓపాలి పైకి రా, పిన్నీ” అన్నాను.

కమ్మీ పట్టుకుని ఎక్కింది.
తడిచీర కుర్చీకి అంటుతుందని అంచునే కూచుంది.
ప్లేటు పెట్టాను.
పువ్వు తీసి తల్లో పెట్టుకుంది.
పీతని “పాపం” అని పక్కకి జరిపింది.
అప్పడం చెవి దగ్గర పెట్టుకుని
కళ్ళు మూసి
విరిచింది.

“ఏటి పిన్నీ, కరకరలాడింది కదా!”
“ఆడింది గానీ, నీరసంగా ఆడింది.
బుధవారం సరుకిది. మద్దేన్నం మబ్బేసింది.
దీనికి ఒక పూట ఎండ బాకీ.”

ధర అడిగింది. చెప్పాను.
“మరి కిందోళ్ళకి?”
“ఊరికినే.”
పక్క టేబులు దొరసాని ఫోర్కు ఆపేంత గట్టిగా నవ్వింది.
“అయితే తాగుబోతులే తెలివైనోళ్ళురా!”

నవ్వు ఆపుకుని నేరుగా వంటింట్లోకి దిగింది.
బుధవారం కట్టలు మూడూ తీసి సంచిలో వేసుకుంది.
బెహరా తల పట్టుకున్నాడు,
ఒడియాలో బతిమాలాడు, తెలుగులో తిట్టాడు.
“ఎండనివ్వు నాయనా, ఎక్కడికీ పోవు.
నూట ఎనభై తగ్గించి రాసుకో” అని
వచ్చిన గుమ్మంలోంచే
తల్లో నీలం పువ్వుతో వానలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కింద పెద్ద గోల.
అప్పడం లేకపోతే గ్లాసు వంటరిదైపోద్దని
ఒకాయన కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు.
పైన ఒక డాక్టరుగారు మెనూ మీద వేలు పెట్టి
“ఇది అయిపోయిందా?” అని అడిగారు.
“ఇది కాదు ఆగ్యా, ఎండ అయిపోయింది” అన్నాను.

ఆయన ఒడియాలో అడిగినట్టు గుర్తు.
నేను దేంట్లో చెప్పానో,
ఎన్నో మెట్టు నోటితో చెప్పానో
చూసుకోలేదు.